విడిపోయేరోజున చాకిరీకి లెక్క

ఇంగ్లండులో 1961లో ఒక స్త్రీ, ఒక పురుషుడు పెళ్ళి చేసుకోకుండానే కాపురం పెట్టారు. రెండేళ్ళకు అతను తన పేరు మీద ఇల్లు కొన్నాడు. ఆమె ఇద్దరు పిల్లల్ని కని పెంచింది. అతని ఇంటిపేరే తన పేరుకు తగిలించుకుంది. వంటా వార్పూ, ఇల్లు చక్కదిద్దటం, గోడలకు రంగులు వెయ్యటం ఆమె పనే. పిల్లలు ఎదిగాక డ్రైవింగ్ నేర్పే ఉద్యోగం చేసి, ఆ జీతం కూడా ఇంట్లోనే ఖర్చు పెట్టింది. 19 ఏళ్ళ తర్వాత విడిపోయారు. ఇంట్లో వాటా ఇప్పించమని ఆమె కోర్టుకెక్కింది. వాటా రాదన్నారు. ఇల్లు కొనటానికి ఆమె డబ్బు పెట్టలేదు కాబట్టి ఇల్లు అతనిదే. ఇది అన్యాయమే కావచ్చు గానీ సరిదిద్దాల్సింది పార్లమెంటు, మేం కాదు అన్నారు న్యాయమూర్తులు. 1984 లా రిపోర్టుల్లో ఉన్న బర్న్స్ కేసు ఇది.

ఆ స్త్రీ అతన్ని పెళ్ళి చేసుకుని ఉంటే? చేసిన వంట అదే, పెంచిన పిల్లలు వాళ్ళే, వేసిన రంగులూ అవే. కానీ కోర్టు ఆ పనంతటినీ సంపాదనతో పాటు తూకంలో వేసి ఉండేది. ఒక్క కాయితం ఉంటే చాకిరీకి విలువ, లేకపోతే లేదు. ఆ కాయితం పెళ్ళి కాయితమే కానక్కర్లేదని బ్రిటన్ 20 ఏళ్ళ కిందట ఒప్పుకుంది. దాని పేరే సివిల్ పార్ట్‌నర్‌షిప్.

అక్కడి చట్టం గురించి మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. చదువుకో, నర్సు పనికో, కంప్యూటర్ ఉద్యోగానికో అక్కడికి వెళ్ళిన తెలుగు స్త్రీలు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఎవరికైనా ఈ చట్టం అవసరం పడవచ్చు. రెండో కారణం మనకు సంబంధించినది. ఒక బంధంలోకి వెళ్ళేటప్పుడు చట్టం ఏమంటుందన్నదాని మీదే మన చర్చంతా నడుస్తుంది. బయటికి వచ్చేటప్పుడు ఏమిస్తుందన్నది ఎవరూ అడగరు. స్త్రీల హక్కులు నిజంగా తేలేది ఆ గుమ్మం దగ్గరే అని నా అభిప్రాయం.

ఈ చట్టం ఎలా వచ్చింది?

సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం 2004లో వచ్చి 2005 డిసెంబరులో అమలైంది. మొదట అది ఒకే లింగానికి చెందిన జంటలకే. అప్పటికి వాళ్ళకు పెళ్ళి హక్కు లేదు. పెళ్ళి అనే మాట ఇవ్వకుండా పెళ్ళితో వచ్చే హక్కులు దాదాపు అన్నీ ఇచ్చారు. 2014 మార్చిలో ఇంగ్లండ్, వేల్స్‌లలో వాళ్ళకు పెళ్ళి హక్కు కూడా వచ్చింది. అప్పుడు తలకిందులుగా ఇంకో ప్రశ్న లేచింది. పెళ్ళిలోని పాత అర్థాలు, కన్యాదానపు వాసనలు వద్దనుకునే స్త్రీపురుషులు ఏం చెయ్యాలి? స్టైన్‌ఫెల్డ్, కైడన్ అనే జంట సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2018 జూన్‌లో గెలిచారు. 2019 డిసెంబరు 31 నుంచి స్త్రీపురుష జంటలు కూడా పెళ్ళికి బదులు సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదు చేసుకుంటున్నారు.

నమోదు సులువు. తెంచుకోవటానికి మాత్రం కోర్టు ఉత్తర్వు కావాలి. పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయినంత మాత్రాన చట్టం దృష్టిలో బంధం తెగదు.

తెంపు ఒకటి, పంపకం ఒకటి

అన్నిటికన్నా ముందు పట్టుకోవాల్సిన విషయం ఇది. బంధాన్ని రద్దు చేసే ఉత్తర్వు వేరు, డబ్బు సంగతి తేల్చే ఉత్తర్వు వేరు. ఒకటి వస్తే రెండోది దానంతటది రాదు.

రద్దు ఇప్పుడు తేలికైంది. నమోదై ఏడాది నిండితే దరఖాస్తు పెట్టవచ్చు. 2022 ఏప్రిల్ 6కి ముందు అవతలివారి ప్రవర్తన భరించలేనిదనో, వదిలేసి పోయారనో, ఏళ్ళ తరబడి విడిగా ఉంటున్నామనో చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు మా బంధం ఇక అతుక్కోదు అని రాసి సంతకం పెడితే చాలు. ఒక్కరే పెట్టవచ్చు, ఇద్దరూ కలిసి పెట్టవచ్చు. దరఖాస్తు తర్వాత 20 వారాలకు కండిషనల్ ఆర్డర్ అడగవచ్చు. అది వచ్చిన ఆరు వారాలకు ఫైనల్ ఆర్డర్ అడగవచ్చు. అంటే తక్కువలో తక్కువ ఆరు నెలలు. కోర్టు ఫీజు సుమారు 600 పౌండ్లు. ఆదాయం తక్కువుంటే ఫీజులో రాయితీకి దరఖాస్తు ఉంది.

తప్పు ఎవరిదన్న తగవు పోవటం స్త్రీలకు మంచిదే. పడిన దెబ్బల్నీ తిట్లనీ కాయితం మీద రుజువు చేస్తే తప్ప విడుదల లేదనే పద్ధతి ఎంత అవమానమో మనకు తెలుసు. కానీ ఈ సులువులో ఒక ప్రమాదం ఉంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో దరఖాస్తు నింపి, ఆరు నెలలకు ఆర్డర్ చేతికి రాగానే అంతా అయిపోయిందనుకుంటారు. డబ్బు సంగతి ఎక్కడిదక్కడే ఉంటుంది.

అది ఎంత కాలం మిగిలి ఉండగలదో వయట్, విన్స్ కేసు చెబుతుంది. ఆ భార్యాభర్తలకు 1992లో విడాకులయ్యాయి. అప్పుడు ఇద్దరూ పేదవాళ్ళే. ఆమె పిల్లల్ని పెంచుకుంటూ ఉండిపోయింది. అతను తర్వాత గాలిమరల కరెంటు వ్యాపారంలో కోట్లు గడించాడు. ఆమె 2011లో దావా వేసింది. ఇన్నేళ్ళకా అని కొట్టెయ్యటం కుదరదని 2015లో సుప్రీంకోర్టు అంది. ఇది పెళ్ళి కేసే అయినా సూత్రం సివిల్ పార్ట్‌నర్‌షిప్‌కూ వర్తిస్తుంది. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఇందులో పాఠం ఒకటే. ఇద్దరికీ ఒప్పందం కుదిరినా దాన్ని కన్సెంట్ ఆర్డర్‌గా కోర్టు చేత ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడని ఒప్పందాన్ని అవతలివారు పాటించకపోతే అమలు చేయించటం కష్టం. పాటించినా రేపు మళ్ళీ తిరగతోడవచ్చు.

ఇంకో ఉచ్చు ఉంది. డబ్బు కోసం కోర్టును అడక్కుండానే మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, ఇంకొకరితో సివిల్ పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నా, పాత బంధం నుంచి ఏకమొత్తాన్నీ ఇంటి వాటానూ కోరే హక్కు పోతుంది. కొత్త జీవితానికి తొందరపడే ముందు పాత లెక్క ముగించుకోవాలి.

ఏమేమి తూకంలోకి వస్తాయి?

ఈ చట్టం అయిదో షెడ్యూలులో కోర్టు అధికారాలున్నాయి. నెలనెలా భరణం, ఏకమొత్తం, ఇంటి బదిలీ లేదా అమ్మకం, పింఛను పంపకం దేన్నయినా ఆదేశించవచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లలుంటే ముందు వాళ్ళ క్షేమం చూడాలి. తర్వాత ఇద్దరి ఆదాయం, అవసరాలు, వయసు, ఆరోగ్యం, ఎన్నాళ్ళు కలిసున్నారు అన్నవి వస్తాయి. వీటితో పాటు ఇంటిని, కుటుంబాన్ని చూసుకోవటం కూడా కుటుంబ క్షేమానికి చేసిన దోహదమేనని చట్టంలోనే రాసి ఉంది. బర్న్స్ కేసులో ఆమెకు దొరకని మాట అదే.

ఆ మాటకు ప్రాణం పోసింది 2000లో వచ్చిన వైట్ కేసు. పాడి వ్యవసాయం చేసే భార్యాభర్తల కేసది. సంపాదించేవారికీ ఇల్లు నడిపేవారికీ మధ్య వివక్ష చూపరాదని, పంపకం ఏదైనా సమానత్వం అనే కొలబద్దతో సరిచూసుకోవాలని ప్రభువుల సభ తీర్పిచ్చింది. 2006లో మిల్లర్, మెక్‌ఫార్లేన్ కేసుల్లో దీన్ని ఇంకా విప్పి చెప్పారు. అవసరం తీర్చటం, నష్టపోయినదానికి పరిహారం, కలిసి కూడబెట్టినదాని పంపకం అనే మూడు ప్రాతిపదికలు పెట్టారు. పిల్లల కోసం పెద్ద ఉద్యోగం వదులుకున్న స్త్రీ నష్టం ఆమె ఒక్కదాని నష్టం కాదని దాని అర్థం. 2012లో లారెన్స్, గాలఘర్ కేసులో సివిల్ పార్ట్‌నర్‌షిప్ ముగిసిన ఇద్దరు పురుషుల మధ్య కూడా ఇవే సూత్రాలతో పంచారు.

అయితే అన్నీ సగం సగం అనుకోకూడదు. బంధానికి ముందున్న ఆస్తి, పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి సాధారణంగా పంపకంలోకి రావు. ఒకరి అవసరాలకు చాలనప్పుడే దాన్ని ముట్టుకుంటారు. 2025 జులైలో స్టాండిష్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ గీతను ఇంకా స్పష్టంగా గీసింది. ముందుగా రాసుకున్న ఒప్పందం ఉంటే, అది తెలిసి, ఇష్టపూర్వకంగా చేసుకున్నదీ అన్యాయం కానిదీ అయితే, 2010 నుంచి కోర్టులు దానికి బరువిస్తున్నాయి. కాబట్టి ప్రేమగా ఉన్నప్పుడు పెట్టే సంతకాన్ని కూడా చదివే పెట్టాలి.

ఇక సామాన్యుల ఇళ్ళలో గొడవపడేది కోట్ల గురించి కాదు. ఒక ఇల్లు, దాని మీద అప్పు, ఒక పింఛను.

ఇల్లు అవతలివారి ఒక్కరి పేరు మీదే ఉన్నా, బంధం రద్దయ్యేదాకా అందులో ఉండే హక్కు ఉంటుంది. ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ మేరకు నోటీసు నమోదు చేయించుకుంటే మనకు తెలియకుండా అమ్మటం, తాకట్టు పెట్టటం కష్టం. ఫైనల్ ఆర్డర్ వచ్చాక ఈ హక్కు పోతుంది కాబట్టి ఇంటి సంగతి అంతకుముందే తేల్చుకోవాలి. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటే అది ఏ రకమో చూసుకోవాలి. ఒకరు చనిపోతే మొత్తం రెండోవారికి పోయే రకం ఒకటి, ఎవరి వాటా వారిదనే రకం ఇంకొకటి. మొదటిదాన్ని రెండోదిగా మార్చటానికి ఒక లిఖితపూర్వక నోటీసు చాలు. అద్దె ఇల్లయినా అద్దె హక్కును తన పేరుకు మార్చమని కోర్టును అడగవచ్చు.

చాలామంది మర్చిపోయేది పింఛను. ఇంటి తర్వాత పెద్ద ఆస్తి చాలాసార్లు అదే. పిల్లల కోసం ఉద్యోగం మానేసినవారికి, సగం రోజు పని చేసినవారికి పింఛను కొంచెమే పోగవుతుంది. అవతలివారిది నిండుగా ఉంటుంది. కళ్ళకు కనబడదు కాబట్టి దాన్ని వదిలేసి, ఇల్లు నాకిస్తే చాలు అంటారు. అరవై దాటాక ఇల్లుంటుంది, నెలకు వచ్చే డబ్బుండదు. పింఛను విలువ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోకుండా ఏ రాజీ మీదా సంతకం పెట్టకూడదు. పింఛను పంపకం తేలకముందే ఫైనల్ ఆర్డర్ తీసుకుంటే, ఈలోగా అవతలివారు చనిపోతే బతికున్నవారికి వచ్చే పింఛను కూడా చెయ్యిజారవచ్చు.

అప్పులూ అంతే. ఇద్దరూ సంతకం పెట్టిన అప్పుకు బ్యాంకు ఎవరినైనా మొత్తం అడుగుతుంది. అతను కడతానన్నాడండీ అంటే బ్యాంకు వినదు. ఉమ్మడి ఖాతా సంగతి మొదటి వారంలోనే బ్యాంకుతో మాట్లాడుకోవాలి. వీలునామా కూడా మార్చాలి. ఫైనల్ ఆర్డర్ వచ్చేదాకా పాత భాగస్వామికే ఆస్తి పోతుంది. పన్నులో 2023 ఏప్రిల్ నుంచి ఒక సదుపాయం వచ్చింది. విడిపోయిన ఏడాది తర్వాత మూడు పన్ను సంవత్సరాల దాకా, ఒకరి పేరు నుంచి ఒకరికి ఆస్తి మారిస్తే ఆ మార్పు మీద అప్పటికప్పుడు లాభం పన్ను పడదు.

ఇదంతా జరగాలంటే ఇద్దరూ ఉన్న ఆస్తులన్నీ దాచకుండా చెప్పాలి. దాచి రాజీ చేసుకుంటే ఆ రాజీ చెల్లదని 2015లో షార్లాండ్ కేసు తేల్చింది. అయినా దాచేవాళ్ళు దాస్తూనే ఉంటారు. బ్యాంకు కాయితాలు, జీతం చీటీలు, పింఛను ఉత్తరాలు చేతికందే రోజుల్లోనే నకళ్ళు తీసి పెట్టుకొమ్మని నేను ఏ స్త్రీకైనా చెబుతాను. అవి తన పేరున వచ్చినవీ ఉమ్మడివీ అయి ఉండాలి. అవతలివారి పెట్టె తాళం పగలగొట్టి తీస్తే కేసు మన మీదికే తిరగవచ్చు.

వీసా మీద వెళ్ళిన స్త్రీ

ఇక్కడిదాకా చెప్పిన హక్కులన్నీ ఆ దేశంలో నిలబడి అడగగలిగిన స్త్రీకి. భాగస్వామి వీసా మీద వెళ్ళినవారి పరిస్థితి వేరు. బంధం తెగిందని అక్కడి హోమ్ ఆఫీసుకు తెలపాలి. ఆ తర్వాత ఉండే గడువును కుదించవచ్చు. ఇల్లు, పింఛను అడిగేలోపే విమానం ఎక్కాల్సి వస్తుందనే భయంతో ఎన్ని దెబ్బలైనా ఓర్చుకునేవాళ్ళున్నారు. బ్రిటిష్ పౌరుల, స్థిరనివాసుల భాగస్వాములు హింస వల్ల విడిపోతే తమంత తాముగా శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి ఉద్యోగుల, విద్యార్థుల భాగస్వాములకు కూడా హింస జరిగినప్పుడు మూడు నెలల తాత్కాలిక అనుమతి దొరుకుతోంది. కానీ వాళ్ళకు ఆపై శాశ్వత నివాసపు దారి లేదు. మన ఇళ్ళ నుంచి భర్త ఉద్యోగం వీసాకు తోకలా వెళ్ళే అమ్మాయిలు ఎక్కువగా ఈ రెండో రకమే. ఇది ఆ చట్టంలో ఉన్న పెద్ద చిల్లు.

రెండో చిల్లు వకీలు ఖర్చు. 2013 ఏప్రిల్ నుంచి ఇలాంటి కుటుంబ కేసుల్లో ప్రభుత్వ న్యాయసహాయం, మధ్యవర్తిత్వానికి తప్ప, దాదాపు ఎత్తేశారు. హింసకు రుజువు చూపిస్తేనే వస్తుంది. అంటే పింఛను విలువ కట్టించగల స్థోమత ఉన్న స్త్రీకి న్యాయం, లేనిదానికి ఇష్టమైన చోట సంతకం. హక్కు పుస్తకంలో ఉండి దాన్ని అడిగే దారి మూసేస్తే అది సగం హక్కే.

మూడో చిల్లు బర్న్స్ కేసు స్త్రీ లాంటివారిది. ఏ కాయితమూ లేకుండా కలిసున్నవారికి ఇంగ్లండ్ చట్టం ఈనాటికీ ఇలాంటి పంపకం ఇవ్వలేదు. పదేళ్ళు కలిసుంటే పెళ్ళయినట్టే అనే నమ్మకం అక్కడా బలంగా ఉంది, కానీ అది వట్టిదే. చట్టం తెమ్మని లా కమిషన్ 2007లో సిఫారసు చేస్తే మూలన పడింది. స్కాట్లండ్ మాత్రం 2006లోనే వీరికి పరిమితమైన హక్కు ఇచ్చింది.

మరి మన గుమ్మం దగ్గర?

ఇన్ని చిల్లులున్నా ఆ చట్టాన్ని చదువుతుంటే నాకు అసూయ కలుగుతుంది. ఎందుకంటే మన దగ్గర ముప్ఫై ఏళ్ళు ధర్మంగా, తాళితో, సప్తపదితో కాపురం చేసిన స్త్రీ బయటికి వచ్చినా ఆమె గతి బర్న్స్ కేసు గతే. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ఆమెకు భరణం అడిగే హక్కిస్తుంది. పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల గురించి 27వ సెక్షన్ మాట్లాడుతుంది. కాపురంలో కూడబెట్టిన ఇల్లు, పొలం, ప్రావిడెంట్ ఫండ్ మాత్రం ఎవరి పేరున ఉంటే వారివే. భరణం అంటే అవసరం చూసి ఇచ్చేది. వాటా అంటే చేసిన పనికి దక్కేది. ఒకదాని కోసం చెయ్యి చాపాలి, ఇంకోదాన్ని లెక్క చూపి తీసుకోవాలి.

భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. లోక్‌సభ దాటకుండానే 2014లో చచ్చిపోయింది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇల్లు నడిపిన భార్య శ్రమ కూడా ఆస్తి కొనటానికి దోహదమేనని, ఆమెకు వాటా ఉందని తీర్పిచ్చింది. గొప్ప మాటే. కానీ ఒక హైకోర్టు తీర్పు దేశమంతటికీ చట్టం కాదు.

పెళ్ళి కాని బంధాలకు గృహహింస చట్టం, 2005 కొంత నీడనిచ్చింది. పెళ్ళి వంటి బంధంలో ఉన్న స్త్రీకి ఇంట్లో ఉండే హక్కు, భరణం అడిగే హక్కు వచ్చాయి. వాటా ఊసు లేదు. ఒకే లింగపు జంటలకైతే 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్ళినీ, సివిల్ యూనియన్‌నూ రెంటినీ కాదంది. ఇద్దరు స్త్రీలు పాతికేళ్ళు కలిసి బతికి ఒకరి పేరున ఫ్లాట్ కొంటే, విడిపోయిన రోజున రెండో ఆమె చట్టం కళ్ళకు కనబడదు. బ్రిటన్‌లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదు చేసుకుని వచ్చిన జంటకు కూడా ఇక్కడ అదే స్థితి. హైదరాబాదులో ఉన్న ఫ్లాటును అక్కడి కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది, కానీ ఆ ఉత్తర్వు చూపించినంత మాత్రాన ఇక్కడి రిజిస్ట్రారు ఆఫీసులో పేరు మారదు. అందుకే అక్కడ పంపకం చేసుకునేటప్పుడు ఇక్కడి ఆస్తికి బదులుగా అక్కడి ఆస్తినే అడగటం మేలు.

నమోదు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. 2025 జనవరి 27న అమల్లోకి వచ్చిన ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి సహజీవనాన్ని నమోదు చెయ్యాలంటుంది. చెయ్యకపోతే జైలు శిక్ష. వదిలేసిన స్త్రీకి భరణం ఉందన్నది నిజమే. కానీ ఇద్దరు వయోజనులు కావాలనుకుంటే హక్కుల కోసం చేసుకునే నమోదు వేరు, పోలీసు స్టేషనుకు కబురు పంపే నమోదు వేరు. మనం మొదటిది అడగాలి, రెండోదాన్ని ఎదిరించాలి.

మన తెలుగు నేలకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే వర్తించింది. దేశమంతటికీ అది రావటానికి 2005 దాకా పట్టింది. పుట్టింటి ఆస్తిలో అందరికన్నా ముందు నడిచినవాళ్ళం, కాపురంలో కూడిన ఆస్తి దగ్గర ఎందుకు ఆగిపోయాం? ఏ రకం బంధమైనా, అది ముగిసేరోజున ఇద్దరూ కూడబెట్టినది ఇద్దరిదీ అనే చట్టం కావాలి. అందులో వంటింటి పని దోహదమని పేరు పెట్టి రాయాలి. పింఛను, ప్రావిడెంట్ ఫండ్ అందులోకి రావాలి. ఆస్తులు దాచకుండా చెప్పే బాధ్యతను మన సుప్రీంకోర్టు 2020లో భరణం కేసుల్లో పెట్టింది, దాన్ని ఇక్కడికీ తేవాలి.

అప్పటిదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఈ సంచిక చదివిన ప్రతి స్త్రీ ఈ వారంలో తన ఇంటి దస్తావేజు తీసి, దాని మీద ఎవరి పేరుందో చూసుకోవాలి. చాలామంది ఇళ్ళలో ఆ కాయితం బీరువాలో ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. అడగండి. విడిపోవటానికే అడగనక్కరలేదు. కలిసుండగానే అడగగలిగితే అది ఇంకా మంచిది.